కళ్ళకు పెట్టిన నల్లచుక్కలు

ఫ్లాష్ కొట్టి ఫోటో తియ్యడం ఎవడైనా చేస్తాడు, చీకటింట్లో ఫోకస్ చెయ్యడమే పనితనం అని నేను అరకులో స్టూడియో పెట్టిన కొత్తలో దొరికిన వాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. తొంభైల తొలి సంవత్సరాలవి. సాలూరులో మా మేనమామ దగ్గర పని నేర్చుకుని, కొండెక్కి సంత వీధిలో ఒక రేకుల గది అద్దెకు తీసుకున్నాను. చేతిలో పాత కెమెరా, ఒక ఫ్లాష్ గన్ను, నోట్లో కావలసినంత గొప్ప. నాకు కోపం కూడా ఎక్కువే. ఫోటో బాగా రాలేదని ఎవరైనా అంటే, మీ ముఖాలు బాగుంటే కదా అనేవాణ్ణి.

ఆ కెమెరాలో అన్నీ చేత్తో చేసుకోవాల్సిందే. కన్ను పెట్టి చూస్తే నడుమ చిన్న గుండ్రం ఉంటుంది. అందులో ఎదుటి మనిషి ముఖం రెండు ముక్కలుగా విరిగి కనిపిస్తుంది. లెన్సు తిప్పుతూ పోతే ఆ ముక్కలు రెండూ అతుక్కుంటాయి, అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. వెలుతురుంటే చిటికెలో పని. కొండ మీది ఇళ్ళకు కిటికీలు ఉండవు. వంగి దూరే గుమ్మం ఒక్కటే దారి, మనిషికీ వెలుతురుకీ కూడా. పట్టపగలు లోపలికెళ్ళి కెమెరా ఎత్తితే గుండ్రంలో రెండు ముక్కలూ నల్లగానే ఉంటాయి. అక్కడ ఆడవాళ్ళ ముక్కుపోగులు నాకు పని నేర్పాయి. పోగు మీద టార్చి పడితే తళుక్కుమంటుంది. ఆ తళుకు రెండుగా కనిపిస్తే ఫోకస్ లేదు, ఒకటైతే ఉంది. మా మేనమామకు కూడా తెలియని కిటుకు అది.

ఫోకస్ తర్వాత ఫ్లాష్. కింద ఊళ్ళలో ఇళ్ళకు సున్నం కొట్టిన కప్పులుంటాయి. ఫ్లాష్‌ను కప్పు వైపు తిప్పితే వెలుతురు అక్కడ తగిలి మెత్తగా ముఖం మీదికి దిగుతుంది. కొండ మీద గడ్డి కప్పులు ఏళ్ళ తరబడి పొగ పట్టి నల్లబడి ఉంటాయి. పైకి ఎంత కొట్టినా మింగేస్తాయి. అందుకని ముఖం మీదికే తిన్నగా కొట్టాలి. చీకట్లో కంటిపాప పెద్దదై ఉంటుంది కదా, వెలుతురు దాని గుండా లోపలికి పోయి, లోపలి నెత్తురు రంగు పట్టుకుని తిరిగొస్తుంది. ఫోటోలో కళ్ళు ఎర్రగా పడతాయి. అది రోగమూ కాదు, దయ్యమూ కాదు. ఈ సంగతి చెబితే వినేవాడెవడు? ఒక కాంట్రాక్టరు గారు తన కూతురి పెళ్ళి ఆల్బం నా బల్ల మీద పడేసి, "మా గుంట కళ్ళు ఇలగున్నాయేటి, రాకాసినాగ?" అని నలుగురిలో పరువు తీశారు.

ఆ రోజు నుంచి నల్ల సిరా పెన్ను పట్టాను. ఆరితే నీళ్ళకు కూడా పోని సిరా. సన్నని పాళీతో ఎర్రటి పాప మీద ఒక్క చుక్క, అటొకటి, ఇటొకటి. చెయ్యి కుదిరాక గంటలో యాభై ఫోటోల కళ్ళు సరిచేసేవాణ్ణి. అరకులో అందరి కళ్ళూ నల్లగా పడేది నా దగ్గరే అని పేరొచ్చింది. ఆ పేరు చూసుకుని నేను మురిసిపోయాను.

ఆమె నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. వానాకాలం, సంత రోజు. అనంతగిరి వైపు కొండల్లో, రోడ్డు వదిలి రెండు గంటలు నడిస్తే గాని రాని ఊరు ఆమెది. ఇరవై ఏళ్ళకు మించి ఉండవు. వీపున గుడ్డలో ఏడాది నిండని ఆడపిల్ల. తెచ్చిన అల్లం అమ్ముకుని, ఖాళీ బుట్ట గుమ్మం బయట పెట్టి లోపలికొచ్చింది.

"బాబూ, మా ఇంటికొచ్చి ఒక ఫోటో తియ్యాల."

"ఇక్కడే తీస్తాను, కూర్చో అమ్మా. పిల్లని ఒళ్ళో పెట్టుకో."

"ఇక్కడ కాదు. ఇక్కడ కనపడదు. మా ఇంట్లోనే కనపడతాది."

"ఏం కనపడుతుంది?"

"గుంట కన్ను," అంది, వీపున ఉన్న పిల్లను చూపించి.

పిల్లకు పాలిస్తూ పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఎడమ కన్ను ఒక్కోసారి తెల్లగా మెరుస్తుందట. కుడి కన్ను మెరవదట. అత్తకు చూపిస్తే, పసిపిల్లల కళ్ళు మెరవవేటి, దూడ కళ్ళు మెరవవేటి అని కొట్టిపారేసిందట. మొగుడూ అదే మాట. అయినా మనసొప్పక పిల్లని కట్టుకుని కొండ దిగి ఆరోగ్య కేంద్రానికి పోయింది. అక్కడి డాక్టరు మంచివాడే. వరండాలో ఎండలో నిలబెట్టి రెండుసార్లు చూశాడట. ఏమీ కనిపించలేదు. నాకు కనిపిస్తే గాని పెద్దాసుపత్రికి రాయలేనమ్మా అన్నాడట.

"ఆ డాట్రుబాబు మా ఇంటికి రాడు. మా ఇంటి సీకటి ఆయన కాడికి ఎలగ మోసుకెల్తాను? ఫోటో అయితే తీసికెల్తాను గదా."

"ఫోటోలో పడుతుందని నీకెవరు చెప్పారు?"

నడుం దగ్గర ముడి విప్పి ఒక పాత ఫోటో తీసింది. ఏదో కార్డు కోసం ఎవరో వాళ్ళ ఊళ్ళో ఇంటి లోపలే తీసినది. అందులో ఆమె కళ్ళు రెండూ ఎర్రగా ఉన్నాయి. "నా కళ్ళు ఎరుపు కావు. అద్దంలో సూసుకున్నాను. మనకి కనపడనిది దీనికి కనపడతాది," అంది.

బడి మెట్టెక్కని మనిషి నా కెమెరా గురించి నాకంటే బాగా ఆలోచించింది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఆ ఎర్ర కళ్ళు చూసి, ఈ పని ఎవడు చేశాడో గాని ఒట్టి పనికిమాలినవాడు అనుకున్నాను. వస్తానని మాత్రం ఒప్పుకున్నాను. చీకటిల్లు, కదిలే పసిపిల్ల, అందులోనూ ఒక్క కన్ను. పని కష్టమైనదని తెలిసేసరికి నాకు ఉత్సాహం వచ్చింది.

రెండు రోజుల తర్వాత వెళ్ళాను. దారంతా మంచు, సన్నటి జల్లు, కాళ్ళకు జలగలు. లోపల ఆమె అత్త పొయ్యి మీద చోడి అంబలి కాస్తోంది. చలిలోంచి వెచ్చటి పొగలోకి వచ్చేసరికి లెన్సుకు ఆవిరి పట్టేసింది. అది తేలేదాకా అంబలి తాగుతూ కూర్చున్నాను. ముసలమ్మ నన్ను చూసి నవ్వి, ఒక కన్ను ఫోటోకి కొండెక్కి వచ్చినావా అంది.

తల్లి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను టార్చి తీశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎలుతురేస్తే పోతాది బాబూ."

నిజమే. టార్చి వేస్తే కంటిపాప ముడుచుకుంటుంది, ఇక లోపలికి దారి ఉండదు. ఫ్లాష్‌తో అన్నేళ్ళు బతికినవాణ్ణి, ఆ ముక్క ఆమె చెబితే గాని గుర్తురాలేదు. టార్చి లేకుండా ఫోకస్ ఎలా? పిల్లకు ముక్కుపోగూ లేదు. అప్పుడు తల్లినే ముఖం ముందుకు వంచమన్నాను. ఆమె తన చెంపను పిల్ల చెంపకు ఆనించి, ముక్కు సరిగ్గా పిల్ల కంటి పక్కకు తెచ్చి ఊపిరి బిగబట్టింది. పొయ్యిలోని నిప్పు ఆమె పోగు మీద చిన్నగా మెరిసింది. ఆ మెరుపు పట్టుకుని లెన్సు తిప్పాను. రెండు మెరుపులు దగ్గరకొచ్చాయి, ఒకటయ్యాయి. నొక్కాను. ఫ్లాష్ మళ్ళీ సన్నగా కూస్తూ నిండేదాకా ఆమె కదల్లేదు. రెండోది కూడా నొక్కాను. గుమ్మం బయటికొచ్చాక, "నీ గుంట కన్ను పట్టేశాను, చూసుకో," అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. అంత మంచి పని నేను అంతకు ముందు చెయ్యలేదు.

చెడగొట్టింది కూడా నేనే.

రోల్లో మిగిలిన ఫోటోలు ఒక పెళ్ళికీ, పాడేరు ఆఫీసులో ఇవ్వాల్సిన పింఛన్ల కాగితాలకీ సరిపోయాయి. రోలు విశాఖపట్నం ల్యాబ్‌కు బస్సు కండక్టరు చేత పంపాను. అప్పట్లో అందరం అలాగే పంపేవాళ్ళం. సంతకు ముందు రోజు మధ్యాహ్నం ప్రింట్లు వచ్చాయి. రేడియో పెట్టుకుని, పెన్ను పట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను. పెళ్ళికూతురి కళ్ళు, పెళ్ళికొడుకు కళ్ళు, పింఛను ముసలాళ్ళ కళ్ళు, చుక్క తర్వాత చుక్క. ఆ వరసలోనే పిల్ల ఫోటో చేతికొచ్చింది. ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా. ఇదేం ఫ్లాషు, కంటికో రంగు కొడుతోంది అని విసుక్కున్నది నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండు చుక్కలు పెట్టాను. రెండో ప్రింటుకూ రెండు పెట్టి పక్కన ఆరబెట్టాను. కళ్ళు దిద్దుతున్నప్పుడు నేను ముఖాలు చూసేవాణ్ణి కాదు. చూసి ఉంటే ఆ తల్లి చెంప, ఆ ముక్కుపోగు కనిపించేవి. రెండు గంటలు కొండెక్కి ఏ కంటి కోసం వెళ్ళానో ఆ కంటిని అర నిమిషంలో కప్పేశాను.

మర్నాడు ఆమె వచ్చింది. స్టూడియో నిండా జనం. కవరు చేతికిచ్చాను. బయట వాన, ఫోటోలు తడుస్తాయని అక్కడ తెరవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి రైకలో పెట్టుకుని బేగి బేగి వెళ్ళిపోయింది.

మళ్ళీ మూడు వారాలకు వచ్చింది. ఈసారి జనం లేరు.

"ఫోటోలో రానేదు బాబూ. డాట్రుబాబు సూసినాడు. రెండు కళ్ళూ బాగున్నాయి, బెంగెట్టుకోకు అన్నాడు." వీపున పిల్లని సర్దుకుంటూ, "మా అత్త నవ్వింది," అంది.

నాకు అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఫోటో ఏదీ అన్నాను. ఇంటి కాడ ఉంది అంది. వెనక్కి తిరిగి నెగటివ్‌ల డబ్బా దించి, ఆ ముక్క వెతికి కిటికీకి ఎత్తి పట్టుకుని భూతద్దంలో చూశాను. నెగటివ్‌లో తెలుపు నల్లగా పడుతుంది. పిల్ల ఎడమ కంట్లో మినపగింజ పొట్టంత నలుపు, చిక్కగా, గుండ్రంగా ఉంది. కుడి కంట్లో అది లేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది.

అప్పుడు తలొంచుకుని నిజం చెప్పి ఉండాలి. నేను చెప్పిందేమిటంటే, "ల్యాబ్‌లో పాడుచేశారమ్మా. వాళ్ళ తప్పే. సచ్చినోళ్ళు, ఏ పనీ తిన్నగా చెయ్యరు." కోపం కూడా నటించాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "అలగా," అంది. "మల్లీ ఏత్తారా?"

"రేపే వేయిస్తాను. నేనే వెళ్ళి తెస్తాను," అన్నాను.

ఎవరి చేతా పంపలేదు. మర్నాడు నేనే పట్నం దిగి ల్యాబ్‌లో నిలబడి, కళ్ళ మట్టుకే పెద్దగా ప్రింటు వేయించాను. కౌంటరు వెనక కుర్రవాడు కళ్ళు సరిచెయ్యమంటారా అన్నాడు. ముట్టుకుంటే చంపేస్తానన్నాను. వాడు బిక్కచచ్చిపోయాడు, పాపం. ఆ కోపం వాడి మీద కాదని వాడికేం తెలుసు?

ఆ ఫోటోతో ఆమెనూ పిల్లనూ వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. డాక్టరు ఫోటో చూశాడు, పిల్లని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, "మొన్న తెచ్చినదాంట్లో ఇది లేదే," అన్నాడు. ప్రింటు దోషం అన్నాను. ఆమె నా పక్కనే ఉంది, ఏమీ అనలేదు. ఆయన వెంటనే పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

పెద్దాసుపత్రి ఆమెకు తెలియదు. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం ఇవ్వాలో నేనే చూశాను. అక్కడి డాక్టరమ్మ పిల్లకు మందు చుక్కలు వేసి, చీకటి గదిలో చాలాసేపు చూసింది. కంటిలో గడ్డ పుట్టిందని, ఆ కన్ను తీసెయ్యాలని, ఉంచితే ప్రాణానికే ముప్పని చెప్పింది.

"కన్ను తీసేత్తే గుంట బతుకుతాదా?" తల్లి అడిగింది.

"బతుకుతుందమ్మా. గడ్డ ఇంకా కన్ను దాటినట్టు లేదు."

"అయితే తీసీయండి," అంది. మొగుడిని అడగాలనలేదు, అత్తను అడగాలనలేదు. పిల్ల తలను గుండెకు అదుముకుని అలాగే నిలబడింది. నాకు దుఃఖం ఆగలేదు, వరండాలోకి వచ్చేశాను.

ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరమ్మను ఒంటరిగా పట్టుకుని అడిగాను. మూడు వారాల ముందు వచ్చి ఉంటే కన్ను నిలిచేదా అని. "చెప్పలేను," అంది ఆమె. "అప్పటికే పోయి ఉండొచ్చు, పోకపోయి ఉండొచ్చు. ఎందుకడుగుతున్నారు?" ఊరికే అన్నాను. అవునని చెప్పినా కాదని చెప్పినా ఎలాగోలా సర్దుకునేవాణ్ణి. చెప్పలేను అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఆ తర్వాత నేను చుక్కలు పెట్టడం మానేశాను. ఇష్టమైతే తీయించుకోండి, లేకపోతే మానుకోండి అనేవాణ్ణి. కొందరు మానుకున్నారు కూడా. పిల్లని కొన్ని నెలలకోసారి రెండో కన్ను చూపించడానికి తీసుకెళ్ళేవారు. వీలైనప్పుడల్లా తోడు వెళ్ళాను. ఊళ్ళో అందరూ నన్ను దేవుడిలాంటివాడు అనేవారు. ఆ పిల్ల ప్రాణం కాపాడింది ఈ ఫోటో బాబే అని ముసలమ్మ సంతలో కనిపించిన వాళ్ళకల్లా చెప్పేది. ఆ పొగడ్త విన్నప్పుడల్లా ముఖం తిప్పుకుని పని ఉన్నట్టు లోపలికి పోయేవాణ్ణి. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. కొండెక్కేదాకా ధైర్యం ఉండేది, గుమ్మం దగ్గర వంగేసరికి పోయేది.

రెండు వేల సంవత్సరం దాటాక మా కొండకీ డిజిటల్ కెమెరాలు వచ్చాయి. అందరూ కొంటున్నారని నేనూ ఒకటి కొనడానికి విశాఖపట్నం వెళ్ళాను. షాపతను ఒక్కో మీటా చూపిస్తూ, "ఇది నొక్కితే ఎర్ర కళ్ళు అదే నల్లగా మార్చేస్తుంది సార్. మీకు శ్రమే ఉండదు," అన్నాడు. సంబరంగా చెప్పాడు. కెమెరా కొనకుండానే వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే చేతిలో ఏమీ లేకుండా ఆ ఊరు ఎక్కాను.

ఆమె ఒక్కతే ఉంది. అత్త పోయి అప్పటికి రెండేళ్ళయింది. పిల్లకు పదేళ్ళు దాటాయి, ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చి, నీళ్ళకు వెళ్ళిందట. పొయ్యి ముందు కూర్చున్నాను. అంబలి గిన్నె నా ముందు పెట్టింది. దాన్ని ముట్టుకోకుండా చెప్పేశాను. ల్యాబ్ వాళ్ళు కాదు, నేనే. నల్ల సిరాతో. అలవాటుగా, రేడియో వింటూ. పదేళ్ళుగా అబద్ధం మోస్తున్నాను అన్నాను.

ఆమె పొయ్యిలో కర్ర ముందుకు తోసింది.

"నాకెరికే బాబూ."

ఏం ఎరుకో నాకు అర్థం కాలేదు.

"డాట్రుబాబు బాగుందన్న దినమే ఇంటికొచ్చి ఆ ఫోటో గోటితో గీకినాను. నా గుంట కళ్ళు అంత నలుపు కావు. ఒక సుక్క కింద ఎరుపొచ్చింది. ఇంకో సుక్క కింద తెలుపొచ్చింది. మనిసి పెట్టిన సుక్కలని తెలిసిపోనాది. గీకిన ఫోటో సూపిత్తే డాట్రుబాబు నమ్ముతాడా? కాగితం సిరిగితే అంతా తెలుపే గదా. అందుకని నీ కాడికే వొచ్చినాను."

"మరి నేను ల్యాబ్ వాళ్ళ మీద పెట్టినప్పుడు ఎందుకూరుకున్నావు? తిట్టి ఉండాల్సింది. నలుగురిలో కడిగెయ్యాల్సింది."

"తిడితే ఏటవుతాది? నీకు సిగ్గేస్తాది. సిగ్గేసినోడు తలుపేసుకుంటాడు. నాకు పట్నం తెలీదు, పెద్దాసుపత్రి తెలీదు. నాకప్పుడు నువ్వు కావాల. నీ సిగ్గేటి సేసుకుంటాను?"

కోపంగా అనలేదు. క్షమించానని కూడా అనలేదు. ఇరవై ఏళ్ళ వయసులో, వీపున పిల్లతో నా బల్ల ముందు నిలబడి, నా అబద్ధం వింటూ, నన్ను నిలబెట్టుకోవడానికి ఆమె తన కోపం మింగింది. నేను దాచుకున్నాననుకున్న పదేళ్ళూ ఆమె నన్ను దాచింది. నేను ఏడ్చాను. మగవాణ్ణి, పెద్దవాణ్ణి అని చూసుకోలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను.

గుమ్మంలో వెలుతురుకు ఒక నీడ అడ్డం పడింది. నీళ్ళ బిందె దింపుకుంటూ ఆ పిల్ల లోపలికి వంగి, ఉన్న ఒక్క కంటితో నన్ను పరీక్షగా చూసింది.

"అమ్మా, ఆ బాబు ఎందుకేడుస్తన్నాడు?"

"ఏడుపు కాదే," అంది తల్లి, నా వైపు చూడకుండా. "మన ఇంట్లో పొగెక్కువ. ఆయనకి అలవాటు నేదు."